మహారాణిపేట కిడ్నీ క్లినిక్కు: పద్నాలుగు నెలలు తిరిగాక రాస్తున్నాను

మా ఆయన విశాఖ పోర్టులో కళాసీ. నేను కంచరపాలెంలో మా ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. నిరుడు ఫిబ్రవరిలో మొదటిసారి ఈ క్లినిక్కు మెట్లెక్కాం. ఈ ఏప్రిల్‌కి పద్నాలుగు నెలలు. వెళ్ళిన వారానికే రాసెయ్యొచ్చు. కానీ కిడ్నీ డాక్టరు పనితనం వారంలో తేలేది కాదు. జ్వరం డాక్టరయితే మూడో రోజుకి తెలిసిపోతుంది. ఇక్కడ కాగితం మీద ఒక అంకె ఉంటుంది. అది నిలబడిందా, జారిపోయిందా అన్నది ఏడాది గడిస్తేగాని తెలీదు. మాకు నిలబడింది. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

క్లినిక్కు పేరూ డాక్టరుగారి పేరూ పెట్టడం లేదు. రాస్తానండీ అని అడిగితే, "నా పేరు వద్దమ్మా, జబ్బు గురించి రాయండి. నలుగురు ముందుగా వస్తే అదే చాలు" అన్నారు. కేజీహెచ్ పెద్దాసుపత్రి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. కింద మందుల షాపు, పైన రెండో అంతస్తు. ఆ వీధిలో ఎవరినడిగినా "కిడ్నీ మేడంగారా" అని చెయ్యి చూపిస్తారు.

మేం అక్కడికి చేరడానికే నాలుగు నెలలు పట్టింది. ఆ సంగతి చెప్పకుండా క్లినిక్కు గురించి చెప్పలేను.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి ఆయన కాళ్ళు ఉబ్బిపోయి ఉండేవి. చెప్పుల పట్టీ అచ్చు చర్మం మీద అలాగే ఉండిపోయేది. మూత్రం పోస్తే సర్ఫు నీళ్ళలా నురగ, ఎంతసేపటికీ చావని నురగ. రాత్రి మూడు నాలుగుసార్లు లేచేవారు. వేడి చేసిందన్నారు వీధిలో వాళ్ళు. నా పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి మండలం. కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ చోటు. మా అమ్మ ఇంటి నుంచి కొబ్బరి బొండాలు బస్తాల్లో వస్తాయి. వేడి తగ్గాలని రోజుకి రెండు బొండాలు కొట్టి తాగించాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ గుండె గుబేలుమంటుంది. ఎందుకో తర్వాత చెప్తాను.

మూత్రం జబ్బులన్నిటికీ ఒకే డాక్టరనుకుని ముందు రాళ్ళు తీసే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన స్కానింగ్ చూసి, రక్తం పరీక్ష రాసి, క్రియాటినిన్ (కిడ్నీ సరిగా వడగట్టకపోతే రక్తంలో పెరిగేది) 3.1 రాగానే నిజాయితీగా చెప్పేశారు. "మీ గొట్టాలు బాగున్నాయి. రాయి లేదు, అడ్డం లేదు. జల్లెడ పాడవుతోంది. నేను గొట్టాల డాక్టర్ని, యూరాలజిస్టుని. మీకు కావలసింది నెఫ్రాలజిస్టు." ఈ తేడా నాకు అంతవరకూ తెలీదు. కోత పెట్టి రాయి తీసేవారు వేరు, కోత లేకుండా మందుతో, తిండితో, బీపీతో కిడ్నీని కాపాడేవారు వేరు. మీ ఇంట్లో ఎవరికైనా క్రియాటినిన్ ఎక్కువ వస్తే ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, రెండు నెలలు కలిసొస్తాయి.

తెలిసిన తర్వాత కూడా వెళ్ళలేదు. మా అమ్మ ఫోన్లో ఏడ్చేసింది. "ఆ డాక్టరు గుమ్మం తొక్కితే డయాలసిస్ మిషనెక్కించేస్తారే, మనూళ్ళో ఎక్కినోళ్ళు ఎంతమంది మిగిలారు?" అంది. ఆవిడ భయంలో తప్పు లేదు. మా ఊళ్ళో కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళంతా ఒంట్లో శక్తి ఆఖరయ్యాక వెళ్ళినవాళ్ళే. వెళ్ళారు, మిషనెక్కారు, పోయారు. అదే వరసలో చూసిన మనిషికి డాక్టరు వల్లే పోయారనిపిస్తుంది. మా ఆయన కూడా "నాకేటవుద్ది, పనిలోకెళ్తన్నాను కదా" అని వాయిదా వేశారు. సంక్రాంతి దాటాక ఒకరోజు మెట్లెక్కుతూ ఆయాసంతో మధ్యలో కూర్చుండిపోయారు. అప్పుడు తీసుకెళ్ళాను.

మొదటి రోజు మేడంగారు మమ్మల్ని నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. బయట జనం, మేం లోపల. పరీక్షల కాగితాలు పక్కన పెట్టి ముందు అడగడం మొదలెట్టారు. పని ఏంటి, ఎండలో ఎన్ని గంటలు, నీళ్ళు ఎక్కడ తాగుతారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, చిన్నప్పుడు ఒళ్ళు వాచిందా, ఇంట్లో షుగరు ఎవరికైనా ఉందా, ఆకు మందులు, భస్మాలు ఏమైనా వాడారా. బీపీ రెండు చేతులకీ చూశారు, కూర్చోబెట్టీ, నిలబెట్టీ. 170/100. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి పట్టుకున్నారు. వేలు తీసేసరికి గుంట. ఆ గుంట పూడడానికి ఎంతసేపు పడుతుందో గడియారం చూశారు.

అప్పుడడిగారు, ఒళ్ళు నొప్పులకి ఏం వేసుకుంటారని. మా ఆయన జేబులోంచి స్ట్రిప్పు తీసి చూపించారు. డైక్లోఫెనాక్. చీటీ లేకుండా షాపులో ఇచ్చేవారు, మా వీధిలో సగం మంది మగాళ్ళ జేబుల్లో అదే ఉంటుంది. మేడంగారు తిట్టలేదు. ఒక తెల్ల కాగితం తీసుకున్నారు. రోజుకి రెండు. వారానికి ఐదు రోజులు. ఎన్నేళ్ళు? ఆరేళ్ళు. గుణించి కింద రాశారు: 3,120. ఆ కాగితం మా ఆయన వైపు తిప్పి పెట్టి ఊరుకున్నారు. మా ఆయన ఆ అంకె వైపు చాలాసేపు చూశారు. నేను వంద ఉపన్యాసాలు ఇచ్చినా రాని మార్పు ఆ ఒక్క లెక్కతో వచ్చింది. ఆ రోజు నుంచి ఒక్క బిళ్ళ ముట్టలేదు.

ఆ బిళ్ళ ఏం చేస్తుందో కూడా చెప్పారు. కిడ్నీలోకి రక్తం వెళ్ళే సన్న నరాన్ని తెరిచి ఉంచే పదార్థం ఒకటి శరీరమే తయారు చేసుకుంటుందట. నొప్పి బిళ్ళ ఆ పదార్థం తయారవకుండా ఆపుతుంది. నొప్పీ తగ్గుతుంది, కిడ్నీకి రక్తమూ తగ్గుతుంది. పోర్టులో మే నెల ఎండకి, ఈ ఉక్కకి చెమట కారిపోయి ఒంట్లో నీరు తగ్గినప్పుడు అదే బిళ్ళ పడితే దెబ్బ రెట్టింపు. ఆరోగ్యంగా ఉన్నవాడు ఎప్పుడో ఒకటి వేసుకుంటే తట్టుకుంటాడు, రోజూ వేసుకునే కూలి మనిషి తట్టుకోలేడు. నొప్పికి బదులుగా లెక్క ప్రకారం పారాసెటమాల్, వేడి కాపడం, నడుముకి నాలుగు వ్యాయామాలు రాశారు. నొప్పి పూర్తిగా పోలేదు. ఆ మాట కూడా నిజంగా చెప్పాలి. కొన్ని రాత్రులు ఆయన నిద్రపోరు.

నేను జాకెట్టు గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు ఐదు చోట్ల టేపు పెడతాను. తొందరపడి కోస్తే గుడ్డ తిరిగి రాదు. ఆ రోజు మేడంగారు చేసింది కూడా అలాంటి పనే అనిపించింది నాకు. అన్ని కొలతలూ అయ్యేదాకా ఒక్క మందు రాయలేదు.

జల్లెడ బొమ్మ గీసి చూపించారు. రెండు కిడ్నీలూ కలిసి రోజుకి 180 లీటర్ల దాకా నీటిని వడగడతాయట. అందులో దాదాపు అంతా మళ్ళీ ఒంట్లోకే తీసుకుని ఒకటిన్నర, రెండు లీటర్లు మాత్రమే బయటికి పంపుతాయి. జల్లెడ కంతలు పెద్దవైతే పోకూడని ప్రొటీను కూడా పోతుంది, ఆ నురగ అదే. మూత్రంలో ఆ ప్రొటీను, అంటే అల్బుమిన్, ఎంత పోతుందో పరీక్ష చేయించారు. 30 లోపు ఉండాల్సింది ఆయనకి 640. క్రియాటినిన్ 3.1 అంటే ఈయన వయసుకి కిడ్నీ పని నూటికి 23 దగ్గర ఉందని, దాన్ని నాలుగో దశ అంటారని, 15 కన్నా తగ్గితే ఐదో దశ అని రాసి చూపించారు. స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ తొమ్మిది సెంటీమీటర్ల దగ్గర ఉన్నాయి, మామూలుగా పది నుంచి పన్నెండు ఉండాలి. ఇలా చిన్నబోయిన కిడ్నీకి సూది గుచ్చి ముక్క తీస్తే ప్రమాదం ఎక్కువ, తెలిసే విషయం తక్కువ, అందుకే బయాప్సీ వద్దంటున్నానన్నారు. అడక్కుండానే ఆ కారణం చెప్పడం నాకు నచ్చింది.

నేను ఒక్కటే అడిగాను. "డయాలసిస్ ఎప్పుడండీ?"

"ఆ మాట నేను ఎత్తాల్సిన రోజంటూ వస్తే ఆర్నెల్ల ముందే ఎత్తుతాను. హఠాత్తుగా చెప్పను. ఇప్పుడు నా పని ఆ రోజుని ఎంత వెనక్కి తోయగలిగితే అంత తోయడం. ఆ పని సగం నాది, సగం మీ వంటింటిది" అన్నారు.

ఆ సాయంత్రమే మా అమ్మకి ఫోన్ చేసి ఈ మాట చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "ముందే ఎల్తే అలా కూడా ఉంటదా" అంది.

ఇక వంటింటి సంగతి. ఈ క్లినిక్కులో అన్నిటికన్నా బాగున్నది డైటీషియన్ అమ్మాయి. వేరే చోట ఇచ్చిన తిండి కాగితం నా దగ్గర ఇంకా ఉంది, అందులో ఓట్స్, యాపిల్, ఆలివ్ నూనె. ఈ అమ్మాయి కాగితం ఇవ్వలేదు. "అన్నయ్యగారి క్యారేజీలో ఏముంటుంది వదినా" అని అడిగింది. చద్దన్నం, ఎండు మెత్తళ్ళ వేపుడు, ఉల్లిపాయ, ఆవకాయ. ఇంట్లో ఎంతమంది? నలుగురం. నెలకి ఉప్పు ఎంత కొంటారు? కేజీన్నర. ఫోన్లో లెక్క కట్టి చూపించింది: తలకి రోజుకి పన్నెండున్నర గ్రాములు. ఇందులో ఎండు చేపల్లో ఉన్న ఉప్పు లేదు, కొని తెచ్చిన అప్పడాల్లో ఉన్నది లేదు. అన్నీ కలిపి ఐదు దాటకూడదు. నా వంట ఉప్పగా ఉంటుందని నాకెవరూ ఎప్పుడూ చెప్పలేదు. మా అందరి నాలుకలూ దానికే అలవాటు పడిపోయాయి.

ఆ అమ్మాయి చెప్పిన పద్ధతి ఇదీ. పొద్దున్నే చిన్న డబ్బాలో ఆయన వాటా ఉప్పు తీసి పెట్టాలి, టీ చెంచాకి తలగొట్టి కొంచెం తక్కువ. రోజంతా ఆయన కూరల్లోకి అందులోదే. అయిపోతే ఇక లేదు. చింతపండు, నిమ్మకాయ, మిరియం, వెల్లుల్లి, ఉప్పు వెయ్యని కరివేపాకు పొడి, వీటితో రుచి తేవాలి. మొదటి పది రోజులు ఆయన కంచం తోసేశారు. మూడో వారానికి పక్కింటివాళ్ళు పంపిన పప్పు నోట్లో పెట్టుకుని "ఇదేటి, ఇంత ఉప్పుంది" అన్నారు. నాలుక మారడానికి మూడు వారాలు చాలని ఆ అమ్మాయి ముందే చెప్పింది.

ఒక హెచ్చరిక. మా మరిది కూతురు ప్రేమగా తక్కువ సోడియం ఉప్పు ప్యాకెట్టు కొనుక్కొచ్చింది. దాన్ని క్లినిక్కుకి పట్టుకెళ్తే వెంటనే పక్కన పెట్టించారు. సోడియం తగ్గించి ఆ చోట పొటాషియం కలుపుతారట అందులో. మామూలు బీపీ మనిషికి మంచిదే. కిడ్నీ సగం కన్నా తగ్గినవాళ్ళకి అది ప్రమాదం.

కొబ్బరి బొండాల సంగతి కూడా ఇదే. మొదటి పరీక్షలో ఆయన పొటాషియం 5.6. అది ఇంకా పెరిగితే గుండె కొట్టుకోవడం తప్పుతుందట, ఏ నొప్పీ లేకుండా. రోజుకి రెండు బొండాలని నేను చెప్పగానే మేడంగారు పెన్ను కింద పెట్టారు. ఒక్క బొండంలో అరటిపండు కన్నా ఎక్కువ పొటాషియం ఉంటుంది. ఉద్దానం పిల్లని, కొబ్బరి చెట్ల కింద పెరిగినదాన్ని, బొండం నీళ్ళు మనిషికి కీడు చేస్తాయని అనుకోగలనా? ఆ రోజు మెట్లు దిగుతూ ఏడ్చాను. మర్నాటి నుంచి బొండాలు ఆపేశాం. కూరగాయలు ముక్కలు కోసి ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండుతున్నాను. రెండు వారాలకి 4.8కి దిగింది. ఇక్కడో మాట: ఇది అందరికీ కాదు. పొటాషియం మామూలుగా ఉన్నవాళ్ళు పళ్ళూ కూరలూ మానెయ్యక్కర్లేదని మేడంగారే అన్నారు. అంకె చూసుకుని మానాలి.

పొటాషియం దిగాకే బీపీ మందు మొదలెట్టారు. టెల్మిసార్టాన్. అది బీపీతో పాటు జల్లెడ మీద ఒత్తిడి తగ్గించి ప్రొటీను పోవడం తగ్గిస్తుందట. "ఇది వేశాక క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది. భయపడి మీ అంతట మీరు ఆపొద్దు. పదో రోజున పరీక్ష చేయించుకుని రండి" అని ముందే చెప్పారు. చెప్పినట్టే 3.3 వచ్చింది. ముందు చెప్పకపోతే మందు పారేసి ఇంకో డాక్టరు దగ్గరికి పరిగెత్తేదాన్ని. చాలామంది సరిగ్గా ఇక్కడే మానేస్తారట. మేం మానలేదు. నాలుగు నెలలకి 2.6 అయింది, తర్వాత 2.4. అక్కడ నిలబడి ఉంది. కిడ్నీ పని 23 నుంచి 32. పోయిన జల్లెడ తిరిగి రాలేదని, ఉన్నదాని మీద పడుతున్న దెబ్బ ఆగిందని మేడంగారు విడమరచి చెప్పారు. అల్బుమిన్ 640 నుంచి 210కి వచ్చింది.

తర్వాత డాపాగ్లిఫ్లోజిన్ అని ఇంకొకటి చేర్చారు. మందుల షాపు అబ్బాయి "ఇది షుగరు బిళ్ళ కదమ్మా, మీ ఆయనకి షుగరుందా" అన్నాడు. వెనక్కి మెట్లెక్కి అడిగాను. షుగరు కోసమే వచ్చిన మందు, షుగరు లేని కిడ్నీ రోగులకి కూడా జబ్బు ముదరకుండా ఆపుతుందని తేలిందట. జ్వరం, వాంతులు, విరేచనాలు అయిన రోజుల్లో మాత్రం దాన్ని ఆపి ఫోన్ చేయమన్నారు. చీటీలో అన్నీ మందు పేర్లే రాస్తారు, కంపెనీ పేర్లు రాయరు. అందువల్ల జన ఔషధి షాపులో చవకగా తీసుకోగలుగుతున్నాం. కూలి ఇంటికి ఇది చిన్న మేలు కాదు.

బీపీ మిషను ఇంట్లో ఉండాలన్నారు. ఒమ్రాన్ కొన్నాను. దాన్ని క్లినిక్కుకి తెమ్మని, వాళ్ళ మిషనుతో పక్కపక్కన పెట్టి చూశారు. మాది ఆరు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, అది పుస్తకం అట్ట మీద రాశారు. టీ తాగిన వెంటనే చూడకూడదు, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి, కాళ్ళు నేలకి ఆనాలి, చొక్కా చేతి మీద పట్టీ కట్టకూడదు, మాట్లాడకూడదు. నేను గిరాకీల కొలతలు రాసే పుస్తకంలోనే వెనక పేజీల నుంచి ఆయన బీపీ రాస్తున్నాను, పొద్దున్నా రాత్రీ. మేడంగారు ఆ పుస్తకం ప్రతిసారీ పేజీ పేజీ చూస్తారు. ఏ రోజు ఎక్కువుందో వేలు పెట్టి "ఈ రోజేం జరిగింది?" అంటారు. ఒకసారి మా ఆయన తలొంచుకుని "పెళ్ళి భోజనమండీ" అన్నారు.

రెండోసారి వెళ్ళినప్పుడు నర్సు ఫైలు మీద ఎర్ర ఇంకుతో రాసింది: ఎడమ చెయ్యి, సూది వద్దు. రక్తం తీయడానికీ, సెలైను పెట్టడానికీ కుడి చెయ్యే ఇవ్వాలట. ఎడమ చేతి నరాలు దాచుకోవాలట. మా ఆయనకి కోపం వచ్చింది. "డయాలసిస్ లేదన్నారు, మళ్ళీ నరాలు దాచుకోమంటారేటి?" మేడంగారు నెమ్మదిగా చెప్పారు. డయాలసిస్‌కి చేతిలో రెండు రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేస్తారు, అది బలపడి వాడకానికి రావడానికి వారాలు, నెలలు పడుతుంది. నరాలు ముందే సూదులతో పాడైపోతే మెడ దగ్గర గొట్టం పెట్టాలి, దానికి ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ. "వాడే అవసరం రాకపోతే నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు" అన్నారు. హెపటైటిస్ బి టీకాలు కూడా ఇప్పుడే వేయించారు, కిడ్నీ ఇంకా తగ్గాక వేస్తే ఒంట్లో సరిగా పట్టదని.

ఆ చేతి విలువ నాకు మా పెద్దమ్మ కొడుకుని చూస్తే తెలుస్తుంది. అన్నయ్యకి 39 ఏళ్ళు. సోంపేటలో వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్. మొదట మెడలో గొట్టంతోనే మొదలైంది. ఉద్దానం జబ్బు సంగతి పేపర్లలో చదివే ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ మండలాల్లో షుగరు లేనివాళ్ళకి, కల్లూ సారా ముట్టనివాళ్ళకి, కొబ్బరి తోటల్లో పనిచేసుకునేవాళ్ళకి కిడ్నీలు పోతున్నాయి. కారణం ఇదీ అని ఇన్నేళ్ళ పరిశోధనల్లోనూ ఖాయంగా తేలలేదు. అన్నయ్యని ఒకసారి రైల్లో రప్పించి ఇక్కడే చూపించాను. మా ఆయన ఫైలూ అన్నయ్య ఫైలూ పక్కన పెట్టి మేడంగారు చెప్పారు: "పేరు ఒకటే, జబ్బులు రెండు. ఈయనకి ప్రొటీను పోతుంది, వాపు వస్తుంది, బీపీ పెరుగుతుంది. ఒళ్ళే కేకలు వేసి చెప్తుంది. ఉద్దానం జబ్బులో వాపు లేదు, నురగ పెద్దగా లేదు, మొదట్లో బీపీ కూడా ఉండదు. చప్పుడు లేకుండా సగం పైగా తినేస్తుంది. అందుకే ఆ ఊళ్ళవాళ్ళు ఒంట్లో బాగున్నా సరే ఏడాదికోసారి క్రియాటినిన్ చూసుకోవాలి." నాకూ చేయించారు. 0.8. మూత్రం కూడా బాగుంది. పిల్లలిద్దరికీ బీపీ, మూత్రం చూశారు. ఊపిరి పీల్చుకున్నాను.

అన్నయ్య ఫిస్టులా మీద స్టెతస్కోపు పెట్టి ఆ జుయ్‌మనే శబ్దం నాకు కూడా వినిపించారు. రోజూ పొద్దున్న చెయ్యి పెట్టి ఆ అదురు చూసుకోవాలి, ఆగితే ఆ రోజే రావాలి అన్నారు. జీవన్‌దాన్‌లో (చనిపోయినవాళ్ళ అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం) పేరు నమోదు చేసుకోవచ్చని, పెద్దమ్మ కిడ్నీ ఇవ్వగలదో లేదో పరీక్షలు చేయించుకోవచ్చని అన్నయ్యకి అంతవరకూ ఎవరూ వివరంగా చెప్పలేదు. 2023 డిసెంబర్ 14న పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది కాబట్టి ప్రతిదానికీ విశాఖ రానక్కర్లేదని, దగ్గరలోనే చూపించుకోమని తనే అన్నారు. తన దగ్గరికే రమ్మనలేదు. డయాలసిస్ రోగులకి ప్రభుత్వం ఇచ్చే నెలకి పది వేల పింఛను కాగితాల మీద ఏం రాయాలో కూడా ఓపిగ్గా రాసిచ్చారు.

లోపాలు ఉన్నాయి, అవి కూడా చెప్పాలి. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. కాళ్ళు వాచి ఆయాసంతో వచ్చేవాళ్ళు ముప్పై ఆరు మెట్లెక్కాలి, నేను లెక్కపెట్టాను. ఒక ముసలాయన్ని కొడుకులు కుర్చీలో మోసుకుని ఎక్కించడం చూశాను. కిడ్నీ క్లినిక్కు రెండో అంతస్తులో పెట్టడం అన్యాయం. మేడంగారు కింద గది వెతుకుతున్నామంటున్నారు, పద్నాలుగు నెలలుగా అదే మాట. మూత్రం పట్టి ఇవ్వమనే చోట మరుగుదొడ్డి ఒక్కటే, దానికి సీసా పెట్టుకునే గట్టు కూడా లేదు. టోకెన్ ఎనిమిది గంటలకి ఫోన్లో ఇస్తారు, పది దాటితే ఫోనెత్తరు. మేడంగారు డయాలసిస్ రోగుల్ని చూసుకుని వచ్చేసరికి ఆలస్యమవుతుంది, మూడు గంటలు కూర్చోవడం మామూలే. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి తెల్లవారుజాము రైలుకి వచ్చినవాళ్ళు సాయంత్రం రైలు దొరుకుతుందో లేదోనని గోడ గడియారం చూస్తుంటారు. దూరం వాళ్ళకి ముందు టోకెన్లు ఇస్తే ఏం పోతుంది?

అన్నిటికన్నా నాకు బాధ కలిగింది రిసెప్షన్‌లో. రిపోర్టులు వచ్చాక అందరి ముందూ "7.2 ఎవరిదండీ" అని గట్టిగా పిలిచేవారు. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, పక్కన కొత్త పెళ్ళికూతురు. అందరూ తిరిగి వాడి మొహమే చూశారు. ఆ పిల్ల కొంగు నోట్లో కుక్కుకుంది. నేను లోపలికెళ్ళి మేడంగారికి చెప్పాను. ఆవిడకి తెలీదట. వారం తిరిగేసరికి కాగితాలు మడిచి పేరుతో ఇవ్వడం మొదలెట్టారు. చెప్తే వింటారు, అది ఈ క్లినిక్కులో ఉన్న మంచి.

ఫీజు మొదటిసారి 600, తర్వాత 400. పదిహేను రోజుల్లోపు రిపోర్టు చూపించడానికి డబ్బు తీసుకోరు. పరీక్షలు ఎక్కడైనా చేయించుకోవచ్చు, తమ ల్యాబులోనే అని పట్టుబట్టరు. కానీ క్రియాటినిన్ మాత్రం ప్రతిసారీ ఒకే ల్యాబులో చూసుకోమంటారు, ల్యాబుకీ ల్యాబుకీ తేడా వస్తే పెరిగిందో తగ్గిందో తెలియదని.

వెళ్ళేవాళ్ళకి: మంగళవారం రద్దీ ఎక్కువ, గురువారం నయం. పొద్దున్న తొలి మూత్రం శుభ్రమైన సీసాలో ఇంటి దగ్గరే పట్టుకెళ్ళండి, ఆ మరుగుదొడ్డి బాధ తప్పుతుంది. వాడుతున్న మందులన్నీ, నాటు మందు పొట్లాలతో సహా, సంచిలో వేసుకెళ్ళండి. దాచిపెడితే మీకే నష్టం. మెట్లెక్కలేనివాళ్ళు కింద మందుల షాపు దగ్గర కూర్చుని పైకి కబురు పంపితే నర్సు దిగి వచ్చి బీపీ చూస్తుంది. ఈ మాట బోర్డు మీద లేదు, అడిగితే చేస్తారు.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఒక్కటీ ఆ ముప్పై ఆరు మెట్లకి.

పోయిన గురువారం చూపించుకుని వచ్చాం. క్రియాటినిన్ 2.4, బీపీ పుస్తకంలో అంతా 130 లోపే. ఇక నెల నెలా రానక్కర్లేదు, జూలైలో రమ్మన్నారు. తిరిగొస్తూ పూర్ణా మార్కెట్లో లైనింగు గుడ్డ కొన్నాను. పక్కనే ఆవకాయ కాయలు దిగాయి. మా ఆయన ఒక కాయ చేతిలోకి తీసుకుని వాసన చూసి మళ్ళీ బుట్టలో పెట్టేశారు. "పిల్లలకి పెట్టు, చిన్న జాడీ చాలు" అన్నారు. నాలుగు కేజీలు తూయించాను.